పార్కులో టెలిస్కోప్ పెట్టి ఆకాశం చూపించేవాళ్ళతో వాలంటీరుగా చేరాలంటే ఎంత తెలిసుండాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇదీ: మీ ఇంటి దగ్గర పార్కులో నెలకోసారి కొందరు టెలిస్కోపులు పెట్టి జనానికి ఆకాశం చూపిస్తున్నారు, మొన్న మీరూ క్యూలో నిలబడి చంద్రుణ్ణి చూశారు, అప్పట్నుంచి వాళ్ళతో కలిసి పనిచేయాలని మనసు లాగుతోంది. కానీ చదివింది బీకాం, టెలిస్కోప్ లేదు, సప్తర్షి మండలం తప్ప ఇంకేదీ గుర్తుపట్టలేరు, ఎవరైనా ఏదైనా అడిగితే నోట మాట రాదేమోనని టెన్షన్. ముందు పదిహేను వేలు పెట్టి ఒక టెలిస్కోప్ కొని ఏడాది పాటు నేర్చుకుని వెళ్ళాలా, ఇప్పుడే వెళ్ళొచ్చా?

ఇప్పుడే వెళ్ళండి. టెలిస్కోప్ కొనకండి. ఆ పదిహేను వేలు అలాగే ఉంచండి, దాని సంగతి కింద చెప్తాను.

నాకు కూకట్‌పల్లి వైపు చిన్న కళ్ళద్దాల షాపు ఉంది. ఖగోళ శాస్త్రం నేనూ చదువుకోలేదు. ఒకాయన పాత టెలిస్కోప్ అద్దం మసకబారిందని షాపుకి తెచ్చాడు, అది నా వల్ల కాదని చెప్పి పంపించాను గానీ ఆ శనివారం ఆయన వెనకాలే పార్కుకి వెళ్ళాను. ఇది జరిగి పన్నెండేళ్ళు. వానాకాలం తీసేస్తే ఏడాదికి ఏడెనిమిది రాత్రులు పార్కులోనే. ఇన్నాళ్ళలో నాకు తెలిసొచ్చింది ఒక్కటే, అక్కడ నక్షత్రాలు తెలిసినవాళ్ళకి కొరత లేదు, ఎదుటి మనిషికి నిజంగా కనిపించిందా లేదా అని పట్టించుకునేవాళ్ళకే కొరత. మీరు చేయాల్సింది ఆ పని.

ఎందుకంటున్నానో చెప్తాను. నేను చేరిన మొదటి ఏడాది, నన్ను ఒక టెలిస్కోప్ దగ్గర నిలబెట్టి గురుడి మీద పెట్టి "జనాన్ని పంపిస్తూ ఉండు" అని చెప్పి మా సీనియర్ టీ తాగడానికి వెళ్ళాడు. నేను పంపిస్తూ ఉన్నాను. వచ్చినవాళ్ళందరూ వంగి చూసి "బాగుందండీ", "సూపర్", "థాంక్యూ అంకుల్" అనుకుంటూ పోతున్నారు. పదిహేను నిమిషాల తర్వాత ఆయన వచ్చి కన్ను పెట్టి చూసి నా వైపు తిరిగాడు. అందులో ఏమీ లేదు, ఖాళీ ఆకాశం. గురుడు ఎప్పుడో జరిగిపోయాడు. కనీసం పదకొండు మంది ఆ ఖాళీని చూసి బాగుందన్నారు. అబద్ధమాడారని కాదు. వెనకాల క్యూ ఉంది, ముందు నేను ఆశగా చూస్తూ నిలబడ్డాను, కనిపించలేదంటే తమ కళ్ళదే తప్పేమో, తెలివితక్కువగా అనిపిస్తుందేమో అని మొహమాటం. మన జనానికి ఆ మొహమాటం మరీ ఎక్కువ, పెళ్ళి భోజనం ఎలా ఉందని అడిగితే బాగాలేదనేవాడు ఉంటాడా?

అందుకే ఇప్పుడు నేను "కనిపించిందా?" అని ఎవర్నీ అడగను. ఆ ప్రశ్నకి జవాబు ఎప్పుడూ "ఆఁ" అనే వస్తుంది. "ఏం కనిపిస్తోంది? చెప్పండి" అని అడుగుతాను. గురుడైతే "పక్కన చిన్న చుక్కలు ఎన్ని ఉన్నాయి? ఎడమవైపు ఎన్ని, కుడివైపు ఎన్ని?" అంటాను. చంద్రుడైతే "గుంటలు వెలుగు మధ్యలో బాగా కనిపిస్తున్నాయా, చీకటి అంచు దగ్గరా?" అంటాను. లెక్కపెట్టడం మొదలుపెట్టారంటే నిజంగా చూస్తున్నట్టే. "మూడు... ఆగండాగండి, నాలుగు!" అని గొంతు మారుతుంది చూడండి, అదే ఆనవాలు. ఆ చుక్కలు గురుడి చందమామలు, 1610 జనవరిలో గెలీలియో కూడా మొదట మూడే చూశాడు, నాలుగోది తర్వాత దొరికింది. ఆ మాట చెప్తే పిల్లలు ఎగిరి గంతేస్తారు.

ఇక కనిపించకపోవడానికి కారణాలు. ఇది నా వృత్తికి దగ్గరి విషయం కాబట్టి కొంచెం సాగదీస్తాను, భరించండి.

మా దగ్గర ఎక్కువగా ఉండేవి డాబ్సోనియన్ రకం, అంటే గొట్టంలాంటి టెలిస్కోప్ ఒక చెక్కపెట్టె మీద కూర్చుని చేత్తో తోస్తే తిరిగేది. దీన్ని పుట్టించిన జాన్ డాబ్సన్ అమెరికాలో వేదాంత సొసైటీ మఠాల్లో ఇరవై ఏళ్ళకు పైగా సన్యాసిగా ఉన్న మనిషి. మఠం వదిలాక 1968లో కొందరితో కలిసి శాన్‌ఫ్రాన్సిస్కో ఫుట్‌పాత్‌ల మీద టెలిస్కోప్ పెట్టి దారిన పోయేవాళ్ళని పిలిచి చూపించడం మొదలుపెట్టాడు. మనం చేస్తున్నది ఆ పనే. ఈ టెలిస్కోపులో కన్ను పెట్టే చోటు, అంటే ఐపీస్, గొట్టం పైభాగంలో, పక్కకి ఉంటుంది. కొత్తవాళ్ళు నూటికి ముప్పై మంది తిన్నగా గొట్టం కింది చివరికి వెళ్ళి వంగుతారు. తుపాకీలా గురి చూస్తారన్నమాట. కొందరు పక్కన ఉండే చిన్న గురి గొట్టంలో చూసి వెళ్ళిపోతారు. కాబట్టి టార్చ్ వెలుగుని ఐపీస్ పక్కన ఒక్క క్షణం వేసి "ఇక్కడ, పైనుంచి" అని చూపించాలి. ఎర్ర టార్చ్ మాత్రమే. ఎర్ర గాజు కాగితం రెండు మడతలు వేసి రబ్బరు బ్యాండు కడితే చాలు.

తర్వాత దూరం. జనం భయంతో అర అడుగు దూరంనుంచి చూస్తారు, లేదా కన్ను ఐపీస్‌కి ఆనించేస్తారు, రెండింట్లోనూ ఏమీ కనిపించదు. నేను చెప్పే మాటలు ఇవి, కావాలంటే ఇలాగే వాడుకోండి: "రెండో కన్ను చేత్తో మూసుకోండి. నెమ్మదిగా దగ్గరికి రండి. వెలుగు కనిపించిందా, అక్కడే ఆగండి." చేత్తో మూసుకోమనడం ఎందుకంటే ఒక్క కన్నే మూయడం చాలామందికి రాదు, ముఖ్యంగా పిల్లలకి, రెండూ మూసేసుకుని "ఏం లేదు" అంటారు.

కళ్ళజోడు. దగ్గరి చూపో దూరపు చూపో మాత్రమే తేడా ఉంటే జోడు తీసేసి చూడొచ్చు, ఫోకస్ చక్రం కొంచెం తిప్పుకుంటే సరిపోతుంది. అద్దంలో సిలిండర్ పవర్ (కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోతే ఇచ్చేది) ఎక్కువున్నవాళ్ళు మాత్రం జోడు ఉంచుకోవాలి, లేకపోతే చుక్క గీతలా సాగుతుంది. "మీ చీటీలో సిలిండర్ ఉందా" అని చీకట్లో అడిగితే ఎవరికీ తెలియదు కాబట్టి రెండు రకాలుగా చూడమనండి. ఇంకొకటి, కాటుక. ఐపీస్ గాజు మీద గంటకోసారైనా కాటుక మరక పడుతుంది, ఆ తర్వాత చూసినవాళ్ళందరికీ చంద్రుడి చుట్టూ పొగ. చీర చెంగుతోనో కర్చీఫ్‌తోనో తుడవకండి, దుమ్ము రేణువులు గాజు మీది పూతని గీసేస్తాయి. ముందు రబ్బరు బంతితో గాలి ఊది, ఆ తర్వాత లెన్సు కాగితంతో. మీది కాని ఐపీస్ అయితే అసలు ముట్టుకోకుండా ఓనర్‌ని పిలవండి. ఈ విషయంలో టెలిస్కోప్ ఉన్నవాళ్ళు కోడలి మీద అత్తలకంటే ఎక్కువ.

ఇప్పుడు వస్తువు జరిగిపోయే సంగతి. భూమి తిరుగుతోంది కాబట్టి ఆకాశం గంటకి 15 డిగ్రీలు జరుగుతుంది, అంటే 4 నిమిషాలకి ఒక డిగ్రీ. మా 8 అంగుళాల టెలిస్కోప్‌కి 25 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే 48 రెట్లు, అందులో కనిపించే ఆకాశం డిగ్రీ పైచిలుకు, కాబట్టి చంద్రుడికి పెద్దగా ఇబ్బంది లేదు. అదే శని కోసం 10 మిల్లీమీటర్లది పెడితే 120 రెట్లు, ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్ళడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. అందుకే ఎక్కువ పవర్ పెట్టినప్పుడు ప్రతి ఇద్దరికోసారి మీరే చూసి సర్దాలి. దీని కోసం కొత్తవాళ్ళు సిగ్గుపడతారు, "నేను చూస్తుంటే క్యూ ఆగిపోతుందేమో" అని. ఆగనివ్వండి. ఖాళీ ఆకాశం చూపించి పంపించడం కంటే అది నయం.

క్యూ లెక్క కూడా ఒకటుంది. మనిషికి 30 సెకన్లు అనుకుంటాం గానీ నిచ్చెన మెట్టు ఎక్కడం, కన్ను కుదరడం, "ఏం కనిపిస్తోంది" అనడం అన్నీ కలిపితే 45 అవుతుంది. గంటకి 80 మంది. క్యూలో 150 మంది ఉంటే చివరివాడికి దాదాపు రెండు గంటలు, పార్కు గేటు అప్పటికి మూసేస్తారు. అందువల్ల ఎనిమిదిన్నర అయ్యేసరికి ఒకరు వెళ్ళి క్యూ చివర నిలబడి "ఇక్కడితో ఆఖరు" అని చెప్పాలి. ఈ పని ఎవరికీ ఇష్టం ఉండదు, తిట్లు పడతాయి కాబట్టి. కొత్త వాలంటీరుగా మీరు మొదటి రెండు మూడు రాత్రులు క్యూ దగ్గరే ఉండండి. ఆఖరు మనిషి వెనక నిలబడమని కాదు, క్యూలో ఉన్నవాళ్ళతో మాట్లాడుతూ ఉండమని. వాళ్ళు లోపల ఏం చూడబోతున్నారో ముందే చెప్పాలి. ఇది చాలా పెద్ద సాయం, ఎందుకో చూడండి.

జనం ఫోన్లో చూసిన రంగురంగుల ఫొటోలు మనసులో పెట్టుకుని వస్తారు. మన టెలిస్కోపులో శని కందిగింజంత ఉంటుంది. ఆ సంగతి ముందే చెప్పకపోతే మొహం వాడిపోతుంది. "చిన్నగా ఉంటుంది, రంగులుండవు, కానీ మీరు చూసేది ఫొటో కాదు, అక్కడ్నుంచి ఇప్పుడే వచ్చిన వెలుగు" అని క్యూలోనే చెప్తే అదే కందిగింజని చూసి "అమ్మో, ఉంగరం ఉంది" అంటారు. 2025 మార్చిలో శని వలయం అంచు మన వైపు తిరిగింది, సుమారు పదిహేనేళ్ళకోసారి అలా అవుతుంది. ఆ ఏడాది చివర్లో మేము చూపించినప్పుడు వలయం సన్న గీత మాత్రమే, పుల్లకి గుచ్చిన రేగుపండులా ఉంది. మా క్యూ దగ్గరున్న ఇంటర్ అమ్మాయి ఆ పోలికే చెప్పింది, మళ్ళీ 2032 ప్రాంతంలో బాగా విచ్చుకుంటుందని, ఈ సన్నటి రూపం చూసే అవకాశం మళ్ళీ 2038 ప్రాంతం దాకా రాదని చెప్పింది. ఒక్కరు కూడా నిరాశపడలేదు. పక్క టెలిస్కోప్ దగ్గర ఏమీ చెప్పకుండా చూపించారు, అక్కడ "ఉంగరం ఏదండీ?" అని గొడవ.

ఇక మీ అసలు భయం, ప్రశ్నలు.

మీరు ఊహించుకుంటున్నట్టు బ్లాక్ హోల్ గురించి ఎవరూ అడగరు. పన్నెండేళ్ళలో ఎక్కువగా విన్న ప్రశ్న "దీని ధరెంత?". రెండోది "ఇందులో ఎంత దూరం కనిపిస్తుంది?". చీకటి ఉన్న ఊళ్ళో మామూలు కంటికే 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని ఆండ్రోమెడా గెలాక్సీ మసగ్గా కనిపిస్తుందని చెప్పండి, దూరం కాదు, వెలుగే ముఖ్యమని వాళ్ళకే అర్థమవుతుంది. మూడోది "చంద్రయాన్ కనిపిస్తుందా?". మనవాళ్ళు దిగింది 2023 ఆగస్టు 23న, దక్షిణ ధ్రువం వైపు. మామూలుగా మన టెలిస్కోపుల్లో చంద్రుడి మీద సుమారు రెండు కిలోమీటర్ల కంటే చిన్నది విడిగా కనిపించదు, విక్రమ్ చూస్తే రెండు మీటర్ల పెట్టె. కాబట్టి కనిపించదు, కానీ ఏ వైపు దిగిందో అంచు చూపించి చెప్పొచ్చు, దానికే చప్పట్లు కొడతారు.

తెలియని ప్రశ్న వస్తే "నాకు తెలియదు, రండి ఆయన్ని అడుగుదాం" అని చెయ్యి చూపించండి, అంతే. తెలియదన్నందుకు నన్ను ఎవరూ చిన్నచూపు చూడలేదు. తెలిసినట్టు చెప్పి ఏడో తరగతి పిల్లాడి చేతిలో దొరికిపోయిన సందర్భం మాత్రం ఉంది, దాని వివరాలు వద్దు.

మన దగ్గర మాత్రమే వచ్చే ప్రశ్నలు కొన్ని ఉంటాయి, వాటికి సిద్ధపడి వెళ్ళండి. "మా అబ్బాయిది మఖా నక్షత్రం, అదెక్కడుంది?" అని తప్పకుండా అడుగుతారు. జాతకాలు అబద్ధమని అక్కడ వాదన పెట్టే వాలంటీర్లని చూశాను, నా మటుకు నాకు అది శుద్ధ దండగ. ఆ తల్లికి మఖ చూపించండి, సింహరాశిలో ఉంటుంది, వేసవి మొదట్లో సాయంత్రం నెత్తిమీదే. "మీ అబ్బాయి పుట్టినప్పుడు చంద్రుడు ఈ చుక్క ఉన్న భాగంలో ఉన్నాడు, జన్మనక్షత్రం అంటే ఇదే" అని చెప్పండి. పుట్టిన నక్షత్రం పేరు పొద్దస్తమానం వింటూ, ఆకాశంలో అలాంటి చుక్క ఒకటి నిజంగా ఉందని తెలియనివాళ్ళు ఎంతమందో! ఆ ఒక్క చుక్కతో వాళ్ళు ఖగోళంలోకి వచ్చేస్తారు. జాతకం సంగతి ఇంటికెళ్ళాక వాళ్ళే ఆలోచించుకుంటారు.

అలాగే మూఢం. శుక్ర మూఢంలో పెళ్ళిళ్ళు ఎందుకు పెట్టుకోరని అడిగితే, ఎందుకు పెట్టుకోరో నేను చెప్పను గానీ మూఢమంటే ఏమిటో చెప్తాను: శుక్రుడు సూర్యుడికి దగ్గరగా వచ్చి ఆ వెలుగులో మునిగి మనకి కనిపించని రోజులు. శుక్రుడు మనకీ సూర్యుడికీ మధ్యకి వచ్చే మూఢమైతే, దానికి ముందు కొన్ని వారాలు టెలిస్కోపులో చూస్తే శుక్రుడు నెలవంకలా సన్నగా కనిపిస్తాడు. కార్తెలూ అంతే. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటాం కదా, ఆ రోజుల్లో రోహిణి చుక్క మాత్రం రాత్రి కనిపించదు, సూర్యుడు అప్పుడు దాని దగ్గర్లో ఉంటాడు. ఈ మాట చెప్తే ముసలివాళ్ళు ఒక్క నిమిషం ఆగి "అవునా... అందుకే ఆ పేరా" అంటారు.

శని చూడనంటారు కొందరు. ఒక పెద్దావిడ మనవరాలితో వచ్చి క్యూలో అరగంట నిలబడింది, తీరా తన వంతు వచ్చాక ఏం చూపిస్తున్నారని అడిగి, శని అని తెలిసి రెండడుగులు వెనక్కి వేసింది. "వద్దులే నాయనా, ఆయన్ని కోరి చూడటం ఎందుకు." నేను బలవంతపెట్టలేదు. పాప చూసింది. "నానమ్మా, చెవులున్నాయి దీనికి!" అంది. ఆవిడ అటూ ఇటూ చూసి, చెప్పులు విప్పి పక్కన పెట్టి, చెంగు భుజం మీదుగా కప్పుకుని అప్పుడు వంగి చూసింది. చాలాసేపు చూసింది. లేచి "ఇంత చిన్నగా ఉన్నాడేం" అని మాత్రం అంది. పార్కులో చెప్పులు విప్పి టెలిస్కోపులో చూసిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

మీకు చుక్కల పేర్లు తెలియవని బాధపడుతున్నారు గానీ, అసలైన పేర్లు నాకు నేర్పింది జనమే. మా పార్కు పక్క అపార్ట్‌మెంట్‌లో పాలమూరు నుంచి వచ్చిన వాచ్‌మన్ ఒకాయన ఉండేవాడు. నేను లేజర్‌తో ఓరియన్ అనే వేటగాడి నడుముపట్టీ అని మూడు చుక్కలు చూపిస్తుంటే వెనకనుంచి "అవి గొల్లకావడి గద సార్" అన్నాడు. కృత్తికల్ని పిల్లలకోడి అన్నాడు. పొలానికి నీళ్ళు పెట్టడానికి రాత్రి ఎప్పుడు లేవాలో వాటిని చూసే తెలుసుకునేవాళ్ళట. అప్పట్నుంచి నేను పిల్లలకోడి అనే పిలుస్తున్నాను, పిల్లలకి వెంటనే గుర్తుంటుంది, నగరం వెలుగులో కూడా బైనాక్యులర్స్‌లో గుప్పెడు చుక్కలు తళుక్కుమంటాయి. అది సుమారు 440 కాంతి సంవత్సరాల దూరం. చార్మినార్ కట్టింది 1591లో. అంటే దాని పునాదులు తవ్వే రోజుల చుట్టుపక్కల బయల్దేరిన వెలుగు ఇప్పుడు మన కంట్లో పడుతోంది. హైదరాబాదులో ఈ మాటకి తిరుగులేదు.

అరుంధతి ఇంకో మంచి వస్తువు. పెళ్ళిలో పట్టపగలు పురోహితుడు చూపిస్తే తల ఊపినవాళ్ళే అందరూ. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి ఎనిమిదింటికి ఉత్తరాన సప్తర్షుల్లో వశిష్ఠుడి పక్కన కంటికే కనిపిస్తుంది, టెలిస్కోపులో చూస్తే వశిష్ఠుడే మళ్ళీ రెండుగా విడిపోతాడు. భార్యాభర్తలొస్తే వాళ్ళిద్దర్నీ ఒకేసారి పిలవండి, నవ్వులు గ్యారంటీ. ధ్రువ నక్షత్రం అడిగితే మాత్రం కష్టం. హైదరాబాదు నుంచి అది నేలకి 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, అంటే చేయి చాపి పిడికిలి మీద పిడికిలి పెడితే రెండు పిడికిళ్ళు కూడా లేదు. మా పార్కులో అది ఐదంతస్తుల బిల్డింగు వెనక శాశ్వతంగా నివాసం.

గ్రహణాలప్పుడు ఇంకో రకం. 2022 అక్టోబర్ 25న, దీపావళి మర్నాడు, సాయంత్రం పాక్షిక సూర్యగ్రహణం పట్టింది. పార్కులో చెట్లు అడ్డం కాబట్టి ఒక అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద పెట్టాం. రోడ్డు మీద పురుగు లేదు, తలుపులన్నీ మూసేశారు. పాతిక మంది వచ్చుంటారు. గర్భిణులు చూడొచ్చా అని ఫోన్లు. గ్రహణం వల్ల గర్భానికి ఏమీ కాదు, సూర్యుణ్ణి నేరుగా చూస్తే ఎవరి కళ్ళైనా, ఏ రోజైనా పాడవుతాయి, ఈ రెండూ వేర్వేరు విషయాలని నెమ్మదిగా చెప్పాలి, ఎగతాళి చేయకూడదు. ఇక్కడ మాత్రం నేను మొహమాటపడను: పగటిపూట సూర్యుడి కార్యక్రమం ఉంటే ఫిల్టర్ టెలిస్కోప్ ముందు వైపు, గట్టిగా బిగించి ఉందో లేదో మీ కంటితో చూసుకున్నాకే జనాన్ని పంపండి, ఒక్క క్షణం కూడా దాన్ని వదిలి వెళ్ళకండి. పాత చవక టెలిస్కోపులతో ఐపీస్‌కి బిగించే చిన్న నల్ల గాజు ఇచ్చేవాళ్ళు, అది వేడికి పగులుతుంది, అలాంటిది కనిపిస్తే చెత్తబుట్టలో వేయండి. అనుభవం వచ్చేదాకా సూర్యుడి టెలిస్కోప్ బాధ్యత తీసుకోకండి, ఎవరు బతిమాలినా సరే.

గ్రీన్ లేజర్ కూడా అంతే. కొత్తవాళ్ళకి దాని మీద భలే మోజు. కంట్లో పడితే ప్రమాదం, విమానం మీద పడితే పైలట్‌కి కళ్ళు బైర్లు కమ్ముతాయి. పిల్లల చేతికి అస్సలు ఇవ్వకండి. ఇప్పుడు మా గుంపులో ఒకరి దగ్గరే ఉంటుంది, అది నేను కాదు.

పిల్లల విషయంలో రెండు మాటలు. ఎత్తు అందని పిల్లల్ని మీరు ఎత్తుకోకండి, అమ్మానాన్నల్నే ఎత్తుకోమనండి, రెండు మెట్ల స్టూలు ఉంటే ఇంకా మేలు. పిల్లలు ఏదో ఒకటి పట్టుకోకుండా ఉండలేరు, "ముట్టుకోవద్దు" అంటే ఇంకా పట్టుకుంటారు. అందుకని టెలిస్కోప్ పక్కన ఒక కుర్చీ వేసి "దీని వీపు గట్టిగా పట్టుకుని చూడు" అంటాం, ఆ కుర్చీ పుణ్యాన టెలిస్కోప్ కదలదు.

ఫోన్ ఫొటోలు. ఒక్కొక్కరు మూడు నిమిషాలు తింటారు. ముందు కంటితో, ఫొటోలు క్యూ అయిపోయాక అని రూలు పెట్టుకున్నాం. అయినా వినరు.

మీరు రాత్రిపూట ఒంటరిగా ఎలా అని కూడా రాశారు. మంచి ప్రశ్న, సిగ్గుపడాల్సిందేమీ లేదు. చేరేముందే వాళ్ళని అడగండి, సామాను సర్దేదాకా ఎవరెవరు ఉంటారు, ఇంటికి ఎవరితో కలిసి వెళ్ళొచ్చు అని. సూటిగా జవాబు చెప్పని గుంపైతే వదిలేయండి. మా దగ్గర ఆడవాళ్ళు నలుగురున్నారు, తొమ్మిదిన్నరకి అందరం కలిసే గేటు దాటతాం. వాళ్ళు ఉన్న టెలిస్కోప్ దగ్గర ఆడవాళ్ళూ పిల్లలూ ఎక్కువ ప్రశ్నలు అడగడం నేను కళ్ళారా చూశాను, కాబట్టి మీ అవసరం వాళ్ళకే ఎక్కువ. పర్మిషన్ కాగితం తలనొప్పి మీది కాదు గానీ దాని ఫొటో మీ ఫోన్లోనూ ఉంచుకోండి. ఒకసారి కానిస్టేబుల్ వచ్చి ఏంటీ గుంపు అని గద్దించాడు, కాగితం వెతికేలోపు చంద్రుణ్ణి చూపించాం, పది నిమిషాల్లో బండి మీద ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చాడు.

ఏ రాత్రి వెళ్ళాలంటే, ఇంట్లో తెలుగు క్యాలెండర్ చూడండి. శుక్లపక్షం పంచమి నుంచి దశమి దాకా చంద్రుడు సాయంత్రమే పైన ఉంటాడు, వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర గుంటలు నీడలతో లోతుగా కనిపిస్తాయి. అష్టమి నాడు అద్భుతం. పౌర్ణమి నాడు పెట్టమని జనం అడుగుతారు, అప్పుడు నీడలుండవు, సున్నం కొట్టిన పళ్ళెంలా ఉంటుంది. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా మన దగ్గర సీజన్.

టెలిస్కోప్ కొనే సంగతి: డబ్బా మీద "525 రెట్లు" అని రాసి ఉన్నదేదీ కొనకండి. అద్దం వెడల్పు అంగుళానికి 50 రెట్లు, అంతకు మించి పనికిరాదు, 60 మిల్లీమీటర్ల బుల్లి టెలిస్కోప్‌కి 120 దాటితే అంతా మసకే. దాని స్టాండు గాలికి ఊగుతుంది, రెండు నెలల్లో అటకెక్కుతుంది. ఆరు నెలలు పార్కులో పదిమంది టెలిస్కోపులూ వాడి చూడండి, అప్పుడు మీకే తెలుస్తుంది ఏది కావాలో. అప్పటిదాకా 10×50 బైనాక్యులర్స్ చాలు. ఫోన్లో ఆకాశం పటం చూపించే స్టెల్లేరియం యాప్ వేసుకుని డాబా మీద వారానికి రెండు కొత్త చుక్కలు గుర్తుపట్టండి, ఎక్కువ వద్దు.

మొదటి రోజు తీసుకెళ్ళాల్సినవి: ఎర్ర టార్చ్, మంచినీళ్ళు, ఓడోమాస్, చలికాలమైతే తలకి స్కార్ఫ్. కాళ్ళకి బూట్లు, గడ్డిలో ఏముంటుందో తెలియదు.

సర్దేటప్పుడు తప్పకుండా ఉండండి, అక్కడే వాళ్ళు మిమ్మల్ని తమలో కలుపుకుంటారు. టెలిస్కోప్ అడుగుపెట్టె బరువు, రెండో మనిషి కావాలి. అన్నిటికంటే ముఖ్యం ఐపీస్ మూతలు లెక్కపెట్టడం. చిన్న నల్ల మూతలు, చీకట్లో గడ్డిలో పడితే ఇక అంతే. నావి మూడు పోయాయి. ఒకటి మాత్రం మరుసటేడు కనిపించింది, పార్కు తోటమాలి ఇంటి గూట్లో, నిండా కుంకుమతో. వాళ్ళావిడ చక్కగా కడిగి భరిణె చేసుకుంది. నేను అడగలేదు.